పచ్చ పైపు

అన్నయ్యది మైకు సెట్లు అద్దెకిచ్చే వ్యాపారం. ఊళ్ళో అందరికీ మైకులు ఇస్తాడు గానీ ఆయనకి మాత్రం ఎప్పుడూ ఒకటి అవసరం పడలేదు. వీధి ఈ చివర ఆయన నోరు విప్పితే ఆ చివర వాళ్ళు తలుపులేసుకుంటారు. అందరూ ఆయన్ని మైకు బాబాయ్ అంటారు, అదీ ఎదురుగానే.

ఆ మధ్యాహ్నం మూడున్నరకి మైకు బాబాయ్ కార్ల సర్వీసు సెంటరు ఎదురుగా ఉన్న టీకొట్టు బెంచీ ఎక్కి కోతలు మొదలుపెట్టాడు. అదే బెంచీ చివర ఆయన్ని అన్నయ్య అని పిలిచే చెల్లెలు చేతిసంచీని ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది. సంచీలో సర్వీసు సెంటరు వాళ్ళు రాసిచ్చిన అంచనా కాగితం ఉంది. నాలుగింటికల్లా దాని మీద సంతకం పెట్టాలి. పెడితే ఆమె కారు బాగవుతుంది, ఆమె కొట్టు పోతుంది.

చెల్లెలిది కళ్ళజోళ్ళ పని. ఏడేళ్ళుగా అద్దాల పెట్టె, అక్షరాల చార్టు కారు వెనక పడేసుకుని బడిబడికీ తిరిగి పిల్లల కళ్ళు పరీక్ష చేస్తోంది. తిరిగి తిరిగి నడుం విరిగిపోయింది. మొన్ననే వీధి మొదట్లో ఒక గది ఖాళీ అయింది. పెద్ద కిటికీ, మంచి వెలుతురు. చార్టు ఏ గోడకి తగిలించాలో, కుర్చీ ఎన్ని అడుగుల దూరంలో వెయ్యాలో కూడా కొలుచుకుని వచ్చేసింది. రేపు అడ్వాన్సు ఇస్తానని ఇంటాయనకి మాటిచ్చింది. తీరా చూస్తే అంచనా కాగితం కింద వేసిన మొత్తమూ, గది కోసం ఆమె దాచిన మొత్తమూ కవలపిల్లల్లా ఉన్నాయి.

పొద్దున్న స్పీకర్లు మోసుకెళ్ళాలని అన్నయ్య కారు అడిగాడు. ట్యాంకు ఖాళీగా ఉంది, ముందు డీజిలు పోయించు అని మరీ చెప్పి తాళం ఇచ్చింది. గంట తిరక్కుండా ఫోను. డీజిలు బండిలో బంకు వాళ్ళు పెట్రోలు పోసేశారే అన్నాడు. సర్వీసు సెంటరులో టై కట్టుకున్న అడ్వైజరు పెట్రోలు అన్న మాట వినగానే, బండి వైపు చూడనైనా చూడకుండా కాగితం తీశాడు. ట్యాంకు దించాలి, పైపులు కడగాలి, ఫిల్టరు, పంపు, ఇంజెక్టర్లు అన్నీ కొత్తవి వెయ్యాలి. ఈలోగా పొరపాటున కూడా తాళం తిప్పొద్దన్నాడు, తిప్పితే ఇంజినంతా విషం పాకినట్టేనట. ఆ ముక్క విన్న దగ్గర్నుంచి అన్నయ్య తాళాన్ని చొక్కా జేబులో వేసుకుని, పైన అరచెయ్యి అడ్డం పెట్టుకుని తిరుగుతున్నాడు.

చెల్లెలికి ఒళ్ళు మండుతోంది గానీ తిట్టడానికి నోరు రావడం లేదు. అన్నయ్య సంగతి ఆమెకి పుట్టినప్పట్నుంచీ తెలుసు. చిన్నప్పుడు నాన్న గడియారం పగలగొట్టి, ఇంట్లోకి ముగ్గురు దొంగలొచ్చారని చెప్పాడు. నాన్న లేచి నిలబడేసరికి ఆ దొంగలు పదకొండు మంది అయ్యారు. ఆయన కోత ఎంత పెరిగితే లోపల భయం అంత పెరిగినట్టు లెక్క. అందుకే ఇవాళ ఆమె కథ వినడం లేదు, అది ఎంత దూరం పెరుగుతుందో చూస్తోంది.

"గొప్పలు చెప్పుకోవడం నాకు మొదట్నుంచీ అలవాటు లేదు," అన్నాడు అన్నయ్య. టీకొట్టు అక్క గ్లాసులు కడగడం ఆపి ఓసారి చూసి, మళ్ళీ కడుక్కుంది. "జరిగింది జరిగినట్టు చెప్తున్నా. బంకులో ఆవిడ చేతిలో పచ్చ పైపు నా ఈ కళ్ళతో చూశా. పచ్చ పైపంటే పెట్రోలు, నాది డీజిలు బండి. చూశాను గానీ బుర్రకెక్కలేదు, ఎందుకంటే ఆ టైములో నేను ఆవిడకి ఒక ముఖ్యమైన విషయం చెప్తున్నా, అది తర్వాత చెప్తా. సరే, బండి కదిలింది. ఇంకొకడైతే పది కిలోమీటర్లు పోయాక గాని తెలుసుకోడు. నేను మలుపు తిరక్కముందే వాసన పట్టేశా."

"అద్దాలు మూసుకునే?" అన్నాడు రిటైరైన కండక్టరు. ముప్పై ఏళ్ళు టిక్కెట్లు కొట్టిన మనిషి, ఎవరినైనా అనుమానంగానే చూస్తాడు.

"మూసుకునే. వాసన పట్టింది ముక్కుతో కాదు గురూ, చెవితో. ఎన్ని వేల స్పీకర్లు విన్న చెవి ఇది. ఇంజినులో నాలుగు గొంతులుంటాయా, అందులో మూడోది శ్రుతి తప్పింది. మామూలు డ్రైవరైతే ఠక్కున ఆపేస్తాడు. నేనేం చేశానో తెలుసా? ట్యాంకులో అడుగున పాత డీజిలుంది, పైన కొత్త పెట్రోలుంది. పెట్రోలు తేలిక, డీజిలు బరువు. రెండూ కలవకుండా నడిపితే ఇంజినుకి కింది డీజిలే అందుతుంది కదా. అందుకని పాల మీద మీగడ చెదరకుండా గిన్నె మోసినట్టు మోశా బండిని. గతుకొస్తే గతుక్కి ముందే గాల్లోకి లేపా. మలుపొస్తే బండిని తిప్పకుండా రోడ్డుని తిప్పా."

"రోడ్డుని తిప్పావా బాబాయ్?" అన్నాడు పక్కనే ఉన్న టైర్ల షాపాయన.

"నమ్మకపోతే చూస్కో, ఆ మూల ఇంకా వంకరగానే ఉంది."

అందరూ మెడలు తిప్పి మూల వైపు చూశారు. చెల్లెలు కూడా చూసింది, చూసినందుకు తనని తానే తిట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఆమెకి టీకొట్టు పక్కన నిలబడ్డ ఒకావిడ కనిపించింది. నలభై ఏళ్ళుంటాయి. నీలం చొక్కా, చంకలో టోపీ, చేతిలో తాగని టీ గ్లాసు. చొక్కా జేబు మీద పెట్రోలు బంకు గుర్తు ఉంది. అన్నయ్య ఎక్కడైనా ఊపిరి తీసుకుంటాడేమో, మధ్యలో దూరదామని ఆవిడ కాచుకుని ఉంది. అన్నయ్య ఊపిరి తీసుకునే రకం కాదు. ఇంక ఇక్కడ బంకు గొడవ కూడా ఒకటి మొదలవుతుందని చెల్లెలు సంచీని ఇంకా దగ్గరికి లాక్కుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కింది డీజిలు అయిపోయింది. ఇంక పెట్రోలు దిగింది లోపలికి. అప్పుడు చూడాలి. స్పీడు ముల్లు ఒక చుట్టు తిరిగి మళ్ళీ మొదటికొచ్చింది. ట్యాంకు ముల్లు ఆ విషం తగిలి కళ్ళు తిరిగి సున్నా కింద పడింది, పడ్డది ఇంక లేవలేదు. ఊరు దాటేశా, పక్క ఊరు చుట్టేశా. పట్టాల పక్కనే ఎక్స్‌ప్రెస్సు రైలు పోతోంది, దాన్నీ దాటేశా. రైలు డ్రైవరు టోపీ తీశాడు."

బంకు నుంచి ఇక్కడికి రెండు వీధులే కదా, మధ్యలో రైలెక్కడిదని కండక్టరు అడిగాడు. ఆ వేగంలో రెండు వీధుల్లో ఆపగలిగితే అది డ్రైవింగా అని అన్నయ్య కసిరాడు. చివరికి చుట్టంతా తిరిగొచ్చి సర్వీసు సెంటరు గేటు ముందు ఆపి దిగి చూస్తే బండి కింద నీడ లేదట. వెనక పడిపోయిందట. నిలబడి రెండు నిమిషాలు ఎదురుచూస్తే ఆయాసపడుతూ వచ్చి బండి కింద దూరిందట.

"గేటు దాకా తోసింది నేనూ కండక్టరుగారూ కదా బాబాయ్," అన్నాడు టైర్ల షాపాయన. "నా భుజం ఇంకా లాగుతోంది."

"మీరు తోశామనుకున్నారు. లోపల నేను రెండు కాళ్ళతో బ్రేకు తొక్కి పట్టుకోబట్టి సరిపోయింది. లేకపోతే షోరూము అద్దాల్లోంచి అవతలికి పోయేది, మీరూ దాంతోనే."

నీడ దాకా వచ్చిందంటే అన్నయ్య లోపల హడలిపోతున్నాడని చెల్లెలికి అర్థమైంది. గోడగడియారంలో నాలుక్కి పది నిమిషాలుంది. రోడ్డు దాటి అడ్వైజరు రానే వచ్చాడు, ఒక చేతిలో అట్ట, ఇంకో చేతిలో పెన్ను. ఇప్పుడు సంతకం పెడితే సాయంత్రానికల్లా ట్యాంకు దించేస్తామన్నాడు. కారు లేకపోతే బడులు లేవు, బడులు లేకపోతే ఇల్లు గడవదు. చెల్లెలు పెన్ను అందుకుంది. పెద్ద కిటికీ ఉన్న గది కళ్ళ ముందు నుంచి మెల్లగా వెళ్ళిపోయింది.

అన్నయ్య ఆ పెన్ను వైపు చూడలేదు. గొంతు మాత్రం ఇంకా పెంచాడు. "రేపు బంకు ఓనరు దగ్గరికి పోతా. ఆ పైపు పట్టుకున్నావిడ సంగతి తేలుస్తా."

"రేపటి దాకా ఎందుకండీ, ఇక్కడే ఉన్నాగా," అంటూ నీలం చొక్కా ఆవిడ ముందుకొచ్చింది. గ్లాసు బెంచీ మీద పెట్టి, జేబులోంచి మడిచిన నోట్లు తీసి అన్నయ్య ముందు పెట్టింది. "మీ డబ్బులు. షిఫ్టు దిగిన దగ్గర్నుంచి మీ కోసమే వెతుకుతున్నా. బండి సర్వీసు సెంటర్లో కనపడితే వాచ్‌మన్ ఇక్కడున్నారన్నాడు."

"తప్పు చేసి డబ్బు వెనక్కిస్తే సరిపోతుందా?" అన్నాడు అన్నయ్య.

"ఏం తప్పండీ? నేను చుక్క కూడా పొయ్యలేదు." ఆవిడ గొంతు పెంచలేదు, అసలు ఆవిడకి కోపం వచ్చినట్టే లేదు. "ముందే డబ్బులిచ్చారు. మూత తియ్యండి సార్ అని మూడుసార్లు అడిగా. మూత మీట మీ సీటు పక్కన లోపల ఉంటుంది, మీరే లాగాలి. మీరేమో ఏదో సభలో మీ మైకుకి వాన ఆగిపోయిన కథ చెప్తున్నారు. మీ వెనక స్కూటరు వాళ్ళకని పచ్చ పైపు పట్టుకుని నిలబడ్డా. వాళ్ళు హారన్ కొట్టేసరికి, వస్తానమ్మా అని మీరు వెళ్ళిపోయారు. పిలుస్తూ గేటు దాకా పరిగెత్తా."

అన్నయ్య నోరు తెరుచుకునే ఉంది గానీ అందులోంచి మాట రావడం లేదు. అలా జరగడం చెల్లెలు జన్మలో మొదటిసారి చూసింది.

"అన్నయ్యా, మూత తీశావా?" అని అడిగింది.

"ఆ మీట ఎక్కడుంటుందే?" అన్నాడు అన్నయ్య, చిన్నగా.

"తాళం ఇయ్యి."

జేబు మీంచి చెయ్యి తీసి తాళం బయటికి లాగాడు. దాంతోపాటు మడత కాగితం ఒకటి జారి కింద పడింది. చెల్లెలు వంగి తీసింది. అన్నయ్య వంకర అక్షరాలు. మంచి కండిషనులో ఉన్న నాలుగు మైకు సెట్లు, స్పీకర్లతో సహా అమ్మబడును, కింద ఫోను నంబరు. టైర్ల షాపాయన తల దించుకున్నాడు. రిపేరు డబ్బు కోసమని, షాపు తలుపుకి అంటించమని పొద్దున బండి తోశాక బతిమాలాడట, అంతలోనే చెల్లెలు చూస్తుందేమోనని మళ్ళీ తీసేసుకున్నాడట. రైలూ నీడా అన్నీ ఈ కాగితాన్ని దాచడానికేనని చెల్లెలికి తెలిసిపోయింది. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి సంచీలో కుక్కింది, ఆయన కంట పడకుండా.

అందరూ కలిసి రోడ్డు దాటారు. తాళం తిప్పితే ట్యాంకు ముల్లు సున్నా మీద పడుకుని ఉంది, పక్కన ఎర్ర దీపం వెలిగింది. మూత తీస్తే అంచు చుట్టూ దుమ్ము పట్టింది పట్టినట్టే ఉంది. టైర్ల షాపాయన డబ్బాలో రెండు లీటర్ల డీజిలు తెచ్చి పోశాడు. బండి కాసేపు మూలిగింది, దగ్గింది, ఆ తర్వాత బుద్ధిగా మోగింది. చెల్లెలు స్టీరింగు మీద తల ఆనించి నవ్వింది. నవ్వుతుంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

అడ్వైజరు అట్ట తిరగేసి, బండి తనిఖీ చేసినందుకు కొంత కట్టాల్సి ఉంటుందన్నాడు. చూడనిదానికి తనిఖీ ఏమిటి నాయనా అని టీకొట్టు అక్క రోడ్డు అవతల నుంచే అడిగింది. ఆయన టై సర్దుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

చెల్లెలు దిగి తాళం మళ్ళీ అన్నయ్య చేతిలోనే పెట్టింది. నువ్వే నడుపు అంది. నీలం చొక్కా ఆవిడ ఇల్లు దారిలోనే కాబట్టి వెనక సీటులో ఎక్కించుకున్నారు. మొదటి వీధి దాటేదాకా అన్నయ్య ఒక్క మాట మాట్లాడలేదు. చెల్లెలికి బెంగపట్టుకుంది. మనిషి ఇలాగే ఉండిపోతే ఇంట్లో తోచేదెలా అనుకుంది.

బంకులోకి తిప్పి పంపు పక్కన ఆపాడు. షిఫ్టు మారింది, ఇప్పుడు పంపు దగ్గర మీసాల పెద్దాయన ఉన్నాడు. అన్నయ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు, గొంతు సవరించుకున్నాడు, మోచెయ్యి కిటికీ మీద పెట్టాడు.

"పెట్రోలుతో ఎవడైనా నడుపుతాడండీ, డీజిలుతో ఎవడైనా నడుపుతాడు. చుక్క లేకుండా బండిని ఇక్కణ్ణుంచి సర్వీసు సెంటరు దాకా నడిపించినవాణ్ణి ఎప్పుడైనా చూశారా? గొప్ప చెప్పుకోవడం నాకు అలవాటు లేదు గానీ, పొద్దున్న ఏమైందో తెలుసా?"

వెనక సీటులో ఆవిడ నోటికి టోపీ అడ్డం పెట్టుకుంది. చెల్లెలు ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"చెప్పు అన్నయ్యా, నేనూ వింటా. ముందు మూత తియ్యి."