అబద్ధమాడిన గీత

అధ్యక్షులు మేనేజరు గారికి, ఆయన పక్కన ఇస్త్రీ చొక్కాలో కూర్చున్న నిపుణుల వారికి, నాకంటే ముందే రిటైరై ఈ షెడ్డు వాసన వదిలించుకున్న పెద్దలకు, ఇంకా వదిలించుకోలేని మిత్రులకు నమస్కారాలు.

ఇందాక నా గురించి ఎన్నో మంచి మాటలు చెప్పారు. ముప్పై ఒక్క ఏళ్ళలో వాటిలో ఒక్కటీ నా చెవిన పడలేదు కాబట్టి, వేరెవరి గురించో అనుకుని వెనక్కి తిరిగి చూశాను. (నవ్వులు) కానీ ఆసుపత్రి వ్యాను రోగం కుదిర్చింది నిపుణుల సలహా, నా పర్యవేక్షణ అన్నారే, అది శుద్ధ అబద్ధం. ఆ సంగతి చెప్పి దిగిపోతాను. మేనేజరు గారూ, గడియారం తర్వాత చూసుకోవచ్చు.

పోయిన ఏడాది ఆ వ్యాను ఇంజను లోపలి టైమింగ్ చైను సాగిపోయి గలగలలాడుతుంటే, అదిగో చివరి వరుసలో కూర్చున్న మా చెల్లెమ్మ, మీరంతా నిదానమ్మ అని వెక్కిరించే మెకానిక్కు, కొత్త చైను వేసింది. మర్నాటి నుంచి బండి మొండికేసింది. స్టార్టు చేయబోతే వెనక్కి తన్నేది, ఎత్తు ఎక్కబోతే ఇంజను లోపల గులకరాళ్ళు పోసినట్టు చప్పుడు. ఒకరోజు పురిటి నొప్పుల మనిషితో వంతెన మీద ఆగిపోయింది. దారిన పోయేవాళ్ళు తోశారు. తల్లీబిడ్డా బతికారు, అది వాళ్ళ అదృష్టం.

అప్పుడు నిపుణుల వారు వేంచేశారు. చొక్కా నలుగుతుందని బానెట్ కిందికి వంగలేదు. (నవ్వులు) ప్లగ్గులు మార్చమన్నారు, మార్చాం. కాయిల్ మార్చమన్నారు, మార్చాం. ఇక నంబరు ప్లేటు తప్ప మార్చేందుకేమీ మిగలక, 'చైను ఒక పన్ను తప్పించి వేశారు' అని తేల్చేశారు. 'ఒక్కసారి కవరు విప్పి చూడండి సార్' అని ఆమె బతిమాలింది. 'నా అనుభవం చాలు' అన్నారు. ఆమెను బళ్ళు కడిగే పనికి పంపారు. తప్పు ఆమెదేనని రాసిన నివేదిక కింద ఫోర్‌మన్ సంతకం నాది. చదవకుండా పెట్టాననుకునేరు. రెండుసార్లు చదివే పెట్టాను.



ఐదు వారాల తర్వాత, రోగం అలాగే ఉన్న ఆ వ్యాను కడగడానికి ఆమె దగ్గరికే వచ్చింది. ఆమె తడి చేతులతో నా దగ్గరికొచ్చి, "అన్నా, చైను మార్చేటప్పుడు ప్లగ్గులకు రవ్వ పంపే డిస్ట్రిబ్యూటర్ కదిపాం కదా. మళ్ళీ ఇంజను పుల్లీ మీద గీత చూసి రవ్వ పడే టైమింగ్ పెట్టాం. ఆ గీతే తప్పైతే?" అంది.

"ఇనుము మీద చెక్కిన గీత ఎలా తప్పవుతుందమ్మా?" అన్నాను, మహా తెలిసినవాడిలా.

ఆమె మొదటి ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో సన్నటి ఊచ పెట్టి, ఇంజను చేత్తో తిప్పింది. పిస్టనుతో పాటు ఊచ పైకొచ్చి ఆగింది. "ఇప్పుడు గీత చూడండి." పిస్టను పైకొచ్చినప్పుడు కవరు మీది గుర్తుకు ఎదురుగా ఉండాల్సిన గీత, రెండు వేళ్ళ దూరంలో ఉంది. పుల్లీ మధ్య రబ్బరు పట్టు వదిలి, గీత ఉన్న బయటి చుట్టు జారిపోయింది. కవరు విప్పి చూశాం, చైను ఒక్క పన్నూ తప్పలేదు. జారిన గీతను నమ్మి, నిప్పురవ్వ వేళకు ముందే పడేలా టైమింగ్ పెట్టిన మొనగాడెవరు? ఆ రోజు గీత మీదికి లైటు పట్టి టైమింగ్ పెట్టిన చెయ్యి ఇదే.

కొత్త పుల్లీ వేసి టైమింగ్ సరిచేశాం. తాళం తిప్పగానే బండి అందుకుంది. నోటీసు బోర్డులో నిపుణుల పేరెక్కింది, నాకు షీల్డు వచ్చింది, ఆమె మాత్రం ఇవాళ్టికీ బళ్ళు కడుగుతూనే ఉంది. రిటైరయ్యే ముందు గొడవెందుకని నేను నోరు కుట్టుకున్నాను. నిపుణుల వారికి తెలివి లేదు. నాకు తెలివుండీ సిగ్గు లేకపోయింది.

ఈ ఉదయం అంతా రాసి మేనేజరు గారికిచ్చాను. "పూలిచ్చే రోజున ఇదెందుకండీ?" అన్నారు. అది వారి జేబులోనే ఉంది. రెండో ప్రతి పెద్దాఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకుని మరీ వచ్చాను. (చప్పట్లు) ఆగండి, చప్పట్లు నాకు కాదు.

ఇందాక వరండాలో చెల్లెమ్మకు కూడా చెప్పాను. తలెత్తి చూసి, "ఇప్పుడా అన్నా?" అంది. 

 ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇక సెలవు తీసుకుంటాను.