ఊతపదం

ఆజాద్ హింద్ ఫౌజు సైనికుల మీద తను రాసిన నవల పట్టుకుని ఎదురింటి పెద్దావిడ గుమ్మంలోకి వచ్చేసరికి రచయిత్రి కలం పక్కన పెట్టి లేచింది.

“ఇందులో పారిపోయినవాడు మావారేనాండీ?”

“అబ్బే, కల్పితమండీ. పేరు కూడా వేరే కదండీ.”

“పేరు మార్చేరు గానీ, ‘అదీ సంగతి బావా’ అనే ఊతపదం ఉంచేసేరండీ. కొత్తపేటంతా గుర్తుపట్టేసింది.”

“ఆయన చెప్పిన కబుర్లే కదా అనీ...”

“ఆయ్, మీ అరుగు మీదే కూర్చుని చెప్పేవారు. బర్మా అడవిలో జ్వరంతో పడిపోతే తోటివాళ్ళు వదిలేసి వెళ్ళిపోయేరని చెప్పేరు. పారిపోయేనన్నారాండీ?”

రచయిత్రి తల దించుకుంది.

“అనలేదండీ. కథకి ఒక పిరికివాడు కావలసివచ్చేడు. ఆయన పోయేరు కదా, ఎవరూ అడగరనుకున్నాను. రెండో ముద్రణలో మార్చేస్తానండీ.”

“మార్చండి. మా మనవరాలు మాత్రం ఇది చదివిన రోజు నుంచీ తాతయ్య ఫొటోకి పూలు పెట్టడం మానేసిందండీ.”