వైర్లు పీకే రోజు

ఆసుపత్రి ల్యాబులో అక్క రక్తపరీక్షల ఫలితాలు చేత్తో రాస్తోంది. అక్కడే కంప్యూటర్లు చూసుకునే తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడు. నెలకోసారి కంప్యూటర్లను కలిపే వైర్లన్నీ పీకేసి, ఒక పూట అందరిచేతా కాగితాల మీదే పని చేయించడం అతని పద్ధతి. అక్కకు అదంటే ఒళ్లుమంట.

"ఇంకెంతసేపురా నీ రిహార్సల్? రాసి రాసి వేళ్లు పడిపోతున్నాయి."

"ఇది రిహార్సల్ కాదక్కా."

"మరి?"

"పొద్దున ఎవరో దొంగ మెయిల్ తెరిచారు. ఫైళ్లకి తాళం పడిపోయింది. డబ్బిస్తేనే తీస్తామని స్క్రీన్ మీద బెదిరింపు. అది మిగతా కంప్యూటర్లకి పాకకుండా వైర్లు పీకేశాను."

అక్క చేతిలో పెన్ను ఆగిపోయింది. అద్దం అవతల జనం ఎప్పటిలాగే రిపోర్టులు అందుకుని వెళ్తున్నారు.

"బయట మనవాళ్లకి తెలుసా?"

"తెలుసు. అలవాటేగా అని రాసుకుంటున్నారు."

"డబ్బు కట్టాలా?"

"ఎందుకు? నిన్నటిదాకా ఉన్నదంతా వేరే డిస్కులో ఉంది. రోజూ దాన్ని ఊడదీసి బీరువాలో పెడతాను. సరిగ్గా తెరుచుకుంటోందో లేదో అప్పుడప్పుడు చూస్తూనే ఉంటాను. కంప్యూటర్లన్నీ తుడిచి మళ్లీ ఎక్కించడానికి రెండ్రోజులు పడుతుందంతే."

"ఇంత జరిగితే నాకు పొద్దున్నే చెప్పొద్దూ?"

"చెప్పడానికే వచ్చాను. నోరు తెరవకముందే 'వచ్చాడమ్మా వైర్ల వీరుడు' అని తలుపేశావు."

అక్క కాగితాల కట్ట దగ్గరికి లాక్కుంది.

"రెండ్రోజులన్నావు కదూ?"

"ఆఁ."

"అయితే ఈ పెన్ను చాలదు. పోయి ఇంకోటి పట్రా."