రేవు నుయ్యి అడిగే మాట

రేవుకాడ నుయ్యుంది చూశారూ, చుట్టూ తుమ్మకంప మొలిచి, పట్టపగలైనా ఎవరూ చేద వెయ్యనిది, దాని సంగతే చెప్తాను, దగ్గరికి జరగండి. అందులో చేద వేస్తే లోపల్నించి ఆడగొంతులు "ఓడొచ్చిందా?" అని అడిగేవి. ఇంకేముంది, వేసినవాడు చేదొదిలేసి పరుగో పరుగు. మా తాతా పరిగెత్తాడు, నేనూ పరిగెత్తాను, సిగ్గేముంది?

ఎందుకడిగేవంటే, వెనకటికి మన రేవులో ఓ ఆచారం ఉండేది. ఓడ కదిలేముందు కళాసీల పెళ్లాలు ఆ నూతినీళ్లు తోడి తమ చేత్తో ఓడలోని తాగునీళ్ల పీపాలో పొయ్యాలి. ఓసారి యుద్ధపు ఓడ దొర తొందరపడి, ఆడాళ్లు బిందెలతో వస్తుండగానే లంగరెత్తించేశాడు. ఏరు సముద్రంలో కలిసే మొగ దాటకుండానే ఓడ మునిగింది, కళాసీలంతా పోయారు. ఆ ఆడాళ్లు నూతిగట్టు వదల్లేదు, ఎదురుచూసి ఎదురుచూసి అక్కడే ఒక్కొక్కరూ రాలిపోయారు.

సరే, మొన్నామధ్య ఆ ఓడని బురదలోంచి తీసి బాగుచేశారా, పాత రేవుని ఒకప్పుడున్నట్టే మళ్లీ కట్టి చూడ్డానికి టిక్కెట్టు పెట్టారా, మన మసేనమ్మ మొగుడు పోలయ్యకి ఓడ మీద పగటి కాపలా దొరికింది. చేరిన మూడోనాటి నుంచి ఒకటే దాహం. బిందెలకు బిందెలు తాగినా నాలుక పిడచగట్టుకుపోయేది. డాక్టర్లకి చూపించారు, తాయెత్తు కట్టించారు, మనిషి చీపురుపుల్లయిపోయాడు. ఓరోజు అన్నం కేరేజీ పట్టుకుని మసేనమ్మ ఓడెక్కి చూస్తే, ఫిరంగులున్నాయి, తెరచాపలున్నాయి, కళాసీల మైనపు బొమ్మలున్నాయి, పీపా మాత్రం ఎండిపోయుంది. ఓహో, నా మొగుడి గొంతులోంచి తాగేది నీళ్లందక పోయిన ఈ కళాసీలన్నమాట అనుకుంది.

భయమా? ఉందని తనే చెప్పింది. అయినా మొగుణ్ణి పోగొట్టుకునేది లేదని బిందె పట్టుకుని తిన్నగా నూతికాడికెళ్లి చేద వేసింది. "ఓడొచ్చిందా?" అన్నాయి గొంతులు. "వచ్చిందమ్మా. మీ బదులు నేను పోసొస్తాను, నింపండి" అంది. చేద నిండి దానంతటదే పైకొచ్చింది, నీళ్లు బిందెలో ఒంపుకుంది.

గేటు దగ్గర టిక్కెట్లవాళ్లు బయటి నీళ్లు లోపలికి తేకూడదన్నారు. నాకు టిక్కెట్టుంది, కావాలంటే బిందెకీ ఓటి చించండని, ఆగకుండా ఓడెక్కి పీపాలో పోసేసింది. పోసిన నీళ్లు పోసినట్టే గుటగుటా అయిపోయాయి. ఆ సాయంత్రం పోలయ్య సగం గ్లాసు తాగి చాలన్నాడు, మసేనమ్మ అక్కడే కూలబడి ఏడ్చేసింది.

మర్నాడు ఆ ఆడాళ్లకి కబురు చెబుదామని మళ్లీ నూతికాడికెళ్లింది. మీవాళ్ల దాహం తీరిందమ్మా అంది. లోపల్నించి అడిగారట, "అయితే మావాళ్లు ఇంటికెప్పుడొస్తారు?" అని.

అంతటి మసేనమ్మా బిందె అక్కడే వదిలేసి వచ్చేసింది. ఇప్పుడు ఆ నుయ్యి అడిగేది ఆ మాటే. మీ దగ్గర జవాబుంటే వెళ్లండి. లేదంటే ఇంట్లో కుళాయి నీళ్లు తాగి పడుకోండి.