ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉంటుంది

ఆక్సిజన్ సిలిండర్లు, చక్రాల కుర్చీలు, రోగుల మంచాలు అద్దెకిచ్చే కొట్టు. మూసే వేళ. మరిది లోపలున్నాడు. వదిన అప్పుడే వచ్చింది.

“షట్టర్ దించకు.”

“ఏడైంది వదినా.”

“దించకు అన్నానా! ఇలా రా. ఫోన్లో మన కొట్టు పేరు వెతికాను. కింద ఏం రాసుందో చదువు.”

“ఆక్సిజన్ సిలిండర్లు అద్దెకు...”

“దాని కింద.”

“అన్నయ్య భోంచేశాడా?”

“చదువు!”

“ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉంటుంది.”

“ఉంటుందా?”

“అది... అంటే...”

“నేను పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ ఒక్కరోజైనా రాత్రి తెరిచామా?”

“మన వెబ్‌సైట్లో తొమ్మిది నుంచి ఏడు అనే ఉంది వదినా. కావాలంటే తీసి చూడు.”

“అతనితో నేనూ అదే అన్నాను. ఫోన్ తీసి నా మొహం ముందు పెట్టాడు.”

“ఎవరతను?”

“ఇవాళ తెల్లారకముందు ఈ షట్టర్ బాదినతను. ఇంట్లో వాళ్ళ నాన్నకి సిలిండర్ అయిపోవచ్చింది. మనకి ఫోన్ చేశాడు. అదిగో, ఆ బల్ల మీద మోగుతుంటే బయటికి వినిపించిందట.”

“నీకెవరు చెప్పారు?”

“పైన ఉండే టైలరు. ఆస్పత్రికెళ్ళి వస్తున్నా.”

“పెద్దాయనకి ఎలా ఉంది?”

“గొంతులో గొట్టం వేశారు. కళ్ళు తెరవలేదు. ఇప్పుడు చెప్పు, సైట్లో తొమ్మిదని ఉంటే ఇక్కడ ఇరవై నాలుగెలా వచ్చింది?”

“అది పేజీలో కనపడదు. వెనకాల ఉంటుంది. స్ట్రక్చర్డ్ డేటా అంటారు. డబ్బా మీద చీటీ అంటిస్తాం చూడు, అలాంటిది. పేరు, అడ్రసు, వేళలు ఒక పద్ధతిలో రాసిపెడితే సెర్చ్ వాళ్ళ యంత్రం చదువుకుని అలా చూపిస్తుంది.”

“అంటే మనుషులకి ఒక మాట, యంత్రానికి ఒక మాటా?”

“అందరూ చేసేదే వదినా.”

“అందరి సంగతీ నాకెందుకు? మన పేరు పక్కన ఆ స్టార్లు కూడా నువ్వేనా? నాలుగున్నర?”

“అవీ... నేనే.”

“ఎవరిచ్చారు?”

“ఎవరూ ఇవ్వలేదు.”

“ఐదు పెట్టుకోలేకపోయావా? మొహమాటమా?”

“ఐదంటే నమ్మరని.”

“ఛీ!”

“అవి పెట్టాకే కదా ఫోన్లు పెరిగాయి! గిరాకీ బావుందని నువ్వే సంబరపడ్డావు. ఎందుకు బావుందని అడిగావా?”

“అడగలేదు. అందుకు నన్ను నేను తిట్టుకుంటూనే వచ్చాను దారంతా. నీకు తెలుసా, మార్కెట్ మూల మీద కొట్టు నిజంగానే రాత్రంతా తెరిచి ఉంటుంది. అతని ఇంటికి అదే దగ్గర.”

“మరి అక్కడికే వెళ్ళొచ్చుగా!”

“వాళ్ళ పేరు మన కింద వచ్చింది! మనదే పైనుంది, స్టార్లు మెరుస్తూ. వాళ్ళ కొట్టు దాటుకుని మన తాళం దగ్గరికొచ్చాడు.”

“తీసేస్తాను.”

“ఇప్పుడే. నా ఎదురుగా.”

“తీస్తున్నా... స్టార్లు పోయాయి... వేళలు మార్చాను. అయిపోయింది.”

“ఏదీ? ఇంకా అలాగే ఉందే!”

“వెంటనే మారదు వదినా. ఆ యంత్రం మళ్ళీ మన సైట్‌కొచ్చి చదువుకోవాలి.”

“ఎప్పుడొస్తుంది?”

“రెండ్రోజులు పట్టొచ్చు. వారం పట్టొచ్చు. రమ్మని అడిగాను. అడిగినా దానిష్టమే.”

“అంటే ఈ రాత్రి ఇంకొకరు రావచ్చు.”

“రోజూ ఎవరొస్తారు వదినా?”

“ఒక్కరొస్తే చాలదా?”

“షట్టర్ మీద బోర్డు పెడదాం. రాత్రి మూసి ఉంటుందని.”

“ఇంతదూరం వచ్చి చదువుకోడానికా?”

“మరి ఏం చెయ్యమంటావు?”

“అది మారేదాకా అందులో ఉన్నది నిజం కావాలి. బండి మీద దుప్పటి ఉంది, తెచ్చుకో. మంచాలకి ఇక్కడ కరువు లేదు.”

“నేనా? ఒక్కణ్ణేనా?”

“రాసేటప్పుడు ఎంతమంది కూర్చుని రాశారు?”

“అన్నయ్య ఒప్పుకోడు.”

“మీ అన్నయ్యే దుప్పటి కట్టి ఇచ్చాడు. దిండు వద్దన్నాడు. తాళాలు ఇలా పడెయ్.”

“తాళాలెందుకు?”

“నీకు వాటితో పనేముంది ఇక? పడెయ్... ఫోన్ మోగుతోంది.”

“నువ్వెత్తు వదినా.”

“ఎత్తరా!”

“హలో... అవునండీ, సిలిండర్ల కొట్టే... ఆ, రాత్రి కూడానండీ... లేదండీ, నిజంగానే. ఏ వేళప్పుడైనా రండి. నేనుంటాను.”