మునిరామయ్య గారి ఆదివారం వాయిదాలు

1951వ సంవత్సరం జూలై తొమ్మిదవ తేదీ, సోమవారం ఉదయం, తిరుపతి మున్సిఫు కోర్టులో నకళ్లు రాసే గుమాస్తాగా ఉద్యోగ ప్రవేశం చేసిన శ్రీ మునిరామయ్య గారు, ముప్పై ఆరేళ్ల నిష్కళంక సేవానంతరం ఈ 1987 జూన్ ముప్పైన శిరస్తాదారుగా పదవీ విరమణ చేస్తున్న సందర్భంలో, వారి వద్ద పదిహేనేళ్లు టైపిస్టుగా పనిచేసి, అందరికంటే ఎక్కువ తిట్లు తిన్న నాకు ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం కలిగింది.

1968లో చిత్తూరుకు బదిలీపై వచ్చి, వారు బెంచి క్లర్కుగా బాధ్యతలు స్వీకరించారు. న్యాయమూర్తి గారు అడగకముందే కావలసిన కాగితం వారి చేతిలో సిద్ధంగా ఉండేది. ఆ కాగితానికి మడత పడిందా, మా ప్రాణాలు తోడేసేవారు. అంతటి కచ్చితమైన మనిషి ఒకసారి పొరపాటు చేశారు. నేను వారిని మనసారా గౌరవించడం మొదలుపెట్టింది ఆ పొరపాటు తర్వాతే.

1976లో వడమాలపేట రైతు ఆదిమూలం, చిత్తూరులో పుట్టింట ఉంటున్న అతని భార్య పంకజాక్షి, ఐదేళ్లు నిండిన కూతురి కోసం కోర్టుకెక్కారు. తండ్రే సహజ సంరక్షకుడని ఒక వకీలు, తల్లి ఒడిలోంచి బిడ్డను లాగరాదని మరొక వకీలు వారాల తరబడి వాదించారు. న్యాయమూర్తి గారు ఇద్దరినీ ఆపి, జ్వరమొస్తే పాప పక్కన ఎవరు కూర్చుంటారు, బడికి ఎవరు తీసుకుపోతారు అని విచారించి, తల్లిదండ్రుల హక్కులకన్నా బిడ్డ క్షేమమే ప్రధానమని చెప్పి, పాపను తల్లి వద్దే ఉంచారు. ఒకరి గడప ఒకరు తొక్కమని భీష్మించినందువల్ల, తండ్రి ప్రతి ఆదివారం పది నుంచి పన్నెండు వరకు కోర్టు వరండాలో బిడ్డను చూసుకోవచ్చని ఉత్తర్వు వెలువడింది. ఆదివారం కోర్టుకు తాళం వేసి ఉంటుందన్న సంగతి ఏ మహానుభావుడికీ తట్టలేదు!

మొదటి ఆదివారం తాళం చూసి, పంకజాక్షి బిడ్డతో అదే రిక్షాలో వెనుదిరిగింది. ఆదిమూలం తెచ్చిన ముంజలు చేత పట్టుకునే మునిరామయ్య గారింటికి వెళ్లాడు.

"సార్, ఆర్డరూ ఉండాది, గేటుకు తాళమూ ఉండాది. ఇట్లా నాలుగు వారాలు పోతే బిడ్డ నా మొగమే మరిచిపోతాది" అని బావురుమన్నాడు.

"సెలవని గుర్తుచేయాల్సినోణ్ణి నేనే కదప్పా. తప్పు నాది" అన్నారు వీరు. మరునాడే న్యాయమూర్తి గారి అనుమతి పొంది, తాళంచెవి తీసుకున్నారు. అది మొదలు పద్నాలుగు నెలలు ఒక్క ఆదివారం తప్పలేదు. "మా బిడ్డలకు మీ దర్శనం కావాలంటే మేం గూడా పిటిషను వేసుకోవాలా?" అని వారి సతీమణి చంద్రకాంతమ్మ గారు దెప్పేవారట.

పాప మొదట్లో తల్లి కొంగు వదలలేదు. ఆదిమూలమేమో దూరం నుంచే ఏం తింటివి, ఏం సదివితివి, నేను గుర్తుండానా అని ఊపిరాడనిచ్చేవాడు కాదు. మునిరామయ్య గారు అతణ్ణి పక్కకు పిలిచి, "ఏమప్పా, వకీలువా నువ్వు? వచ్చినప్పటినించీ ప్రశ్నలే! ఊరికే కూసో, బిడ్డే వస్తాది" అని గదమాయించారు. పాపం, అతను నోరు మూసుకుని కూర్చున్నాడు. ఐదో వారం పాప తనంతట తానే దగ్గరకు వచ్చి, "నాయనా, మన పెయ్యదూడ ఎంతైనాది?" అని అడిగిందట. ఆ మాట మునిరామయ్య గారు నాకు ఒకే రోజు రెండుసార్లు చెప్పారు.

మరుసటి వేసవిలో ఒక ఆదివారం ఎవరూ రాలేదు. వీరు ఒంటిగంట దాకా కూర్చున్నారు. సోమవారం పనిలో మనసు నిలవలేదు, బిడ్డకేమైందోనని నన్ను పదిసార్లు అడిగారు. మధ్యాహ్నం పంకజాక్షి వచ్చింది.

"సార్, ఈ ఎండలో వరండాలో ఎందుకని ఆయన్ని ఇంటికే రమ్మంటి. బిడ్డ పక్కన కూసోబెట్టి అన్నం పెడితి. మీకు సెప్పి పంపేది మరిచిపోతి, తప్పయినాది."

ఆ భార్యాభర్తలు కలిసి కాపురం చేయలేదు. కానీ మళ్లీ ఏ ఆదివారమూ కోర్టుకు రాలేదు. పద్నాలుగు నెలలుగా హాజరు రాసుకుంటున్న పుస్తకంలో ఆ సోమవారం మునిరామయ్య గారు "ఉభయ పక్షాలు గైర్హాజరు" అని రాసి, నా వైపు తిప్పి చూపించి, పసివాడిలా నవ్వారు. కోర్టులో ఆ మాట అంత సంతోషంగా రాసినవారిని నేను మరి చూడలేదు.

అటువంటి మా పెద్దాయన, సహధర్మచారిణితో, బిడ్డలతో, మనుమలతో, సంపూర్ణ ఆరోగ్యంతో, ఏ వాయిదాకూ హాజరు కానక్కరలేకుండా చిరకాలం హాయిగా జీవించాలని మనసారా కోరుకుంటున్నాను.

— రాజారత్నం, టైపిస్టు