స్క్రూకు చుట్టిన పట్టుపోగు

“కట్టేస్తే ఎట్ల సాబ్? కట్టేసేదానికి ఇదేమన్నా ఎనుముదూడనా?”

“తంతి ఏసి కట్టేస్తే చైను నడిమి చక్రం మీదనే కదలకుండా ఉంటాది చౌడమ్మా. పెనుకొండలో ఉండే గేరు సైకిళ్లన్నిటికీ అట్లే కట్టినా. ఎవురూ ఏడ్సలే.”

*రెండువేల ఒకటో సంవత్సరం, శ్రావణమాసం, పెనుకొండ బస్టాండు పక్కన ఫకీర్ సాబ్ సైకిల్ షాపు. పూలమ్మే చౌడమ్మ తన గేరు సైకిలుకు స్టాండు వేసి, దాని పక్కనే తానూ పాతుకుపోయింది. పెడల్ దగ్గర మూడు పళ్లచక్రాలున్న ఆ సైకిలు, చైనును చిన్న చక్రం మీదికి వదలడం మానేసి రెండు రోజులైంది.*

“వాళ్లంతా కాలేజీకి పొయ్యేటోళ్లు. నేను ఇరవై కేజీల చామంతి గంప ఎనక కట్టుకోని మిట్ట ఎక్కల్ల. చిన్న చక్రం మీదికి చైను పడితేనే కాలు ఆడతాది. ఈ పొద్దు సైకిలు దోసుకుంటా నడిచే వచ్చినా, చూడు చెమట.”

“ఒక్క మిట్ట కోసం...”

“ఆ మిట్ట మీదనే నా మాట నిలబడుండాది సాబ్. నీకు తెలీదా?”

“తెలుసులే. మా ముబారకు కండక్టరుగా ఉండే బస్సు ఎక్కనని ఒట్టు పెట్టుకుంటివి. ఊరంతా తెలుసు.”

“ఊరికే పెట్టుకున్యానా? నీ కొడుకు నా గంప టాపు మీదికి ఎత్తించె. గాలికి సగం పూలు రోడ్డు పాలాయ. ‘కాళ్ల కాడ పెట్టుకుంటా నాయనా’ అని బతిమాలితే ఏమన్యాడు? ‘ఇది బస్సా, నీ పూలతోటా? ఇష్టం లేకుంటే నడిచి పో’ అన్యాడు. బస్సు బస్సంతా నవ్వె. దిగేస్తి. మళ్లా ఆ మెట్టెక్కితే నా పేరు చౌడమ్మే కాదంటి.”

“చిన్నోడు, నోరు జారినాడు. నేను చెప్తా వానికి. డ్రైవరు పక్కనే గంప పెట్టిస్తా. ఈ వయసులో నీకెందుకమ్మా ఈ గేర్లు, గీర్లు?”

“ఈ వయసులో నువ్వు స్పానరు ఇడ్సినావా? నాకు డ్రైవరు పక్కన వద్దు, సింహాసనం వద్దు. గేరు పడల్ల. మొన్న సోమవారం మిట్ట మీద మీవాని బస్సు ఇంజను నీళ్లు కాగి నిలబడిపోయింటే, నేను గంటకొట్టుకుంటా దాటుకోని వస్తి. కిటికీల్లోంచి ఎంతమంది ఈలలేసినారో అడుగు వాన్ని.”

“అడిగినా. రెండు దినాలు అన్నం సరిగ్గా తినలే వాడు.”

“నేను తిన్యా, కడుపునిండా. రేపు శుక్రవారం సాబ్. చిన్నక్క, ఇంగా ముగ్గురు పూలోళ్లు చూస్తాండారు. చౌడమ్మ మిట్టెక్కితే మేమూ సైకిళ్లు తీస్తాం అన్యారు. ఎక్కలేదంటే అందరం కలిసి మళ్లా ఆ బస్సు మెట్టు కాడ చేతులు కట్టుకోని నిలబడల్ల.”

“సరే, సరే, అరవొద్దు. పెడలు చేత్తో తిప్పు. ఆ, ఇప్పుడు గేరు మీట ఒత్తు.”

“ఒత్తినా. చూడు, టక్కుమంటాది, చైను మాత్రం ఉన్నకాడనే ఉంటాది.”

“వైరు తుప్పు పట్టుంటాది.”

“పోయిన నెలనే మారెప్ప కొత్తది ఏయించె.”

“యా మారెప్ప?”

“నా తమ్ముడు. బెంగళూరులో బంగళా కాడ వాచ్‌మన్. ఆ ఇంటోళ్లు పారేస్తాంటే ఈ సైకిలు నాకు తెచ్చిచ్చినాడని ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?”

“ఊ... వైరు బాగానే జారతాండాది. అయితే ఈ రేకు వంగుంటాది. చైనును పక్కకు నెట్టేది ఇదే గదా. ఒక రూపాయి బిళ్ల ఇటియ్యి.”

“పని కాకముందే కూలీనా?”

“కూలి కాదు తల్లీ! రేకుకూ పెద్ద చక్రం పండ్లకూ నడాన రూపాయి బిళ్ల దూరేంత సందు ఉండల్ల. ఇదో, దూరె. సరిగ్గానే ఉండాది. తీసుకో నీ బిళ్ల.”

“వైరూ బాగుండాది, రేకూ బాగుండాది. మరి దీనికేం రోగం?”

“మట్టి పట్టుంటాది. కిరసనాయిలు పోసి కడుగుతా. అబ్బబ్బ! పెనుకొండ కొండలో సగం దీంట్లోనే ఉండాదే! ఊ, తిప్పు. ఒత్తు.”

“పడలే.”

“మళ్లా ఒత్తు.”

“పడలే సాబ్.”

“అందుకే చెప్తాండా, తంతి ఏసి...”

“ఇంగోసారి తంతి అంటే ఈడనే కూర్చుంటా. రేపు నీ షాపు ముందరే పూలు పోసి అమ్ముతా. ఆ పైన రెండు చిన్న స్క్రూలుండాయే, అవి చూడరాదా?”

“అవి నీకెట్ల తెలుసు?”

“మారెప్ప చెప్పినాడు. రేకు లోపలికి ఎంతమటుకు రావల్లో ఒకటి చూసుకుంటాదంట, బయటికి ఎంతమటుకు పోవల్లో ఇంగోటి చూసుకుంటాదంట. మరీ బిగిస్తే రేకు కదలదంట.”

“నలభై ఏండ్లాయ నేను షాపు పెట్టి. నాకు చెప్తావా నువ్వు? ఆ స్క్రూలకేమైతాది... ఇదేంది?”

“ఏంది?”

“రెండూ అడుగు దాకా బిగించినారే! ముందర వాకిలి, ఎనక వాకిలి రెండింటికీ బీగం ఏసినట్ల. ఇంగ రేకు యాడికి కదులుతాది? ఎవురు చెయ్యి పెట్టినారు దీని మీద?”

“ఏమో సాబ్.”

“హిందూపురంలో గానీ చూపిస్తివా?”

“యాడికీ పోలే. మొన్న మంగళవారం పూలు తూకం ఏయించేటప్పుడు ఈడనే బస్టాండులో పెట్టి పోయింటి. అంతే.”

“సగం పని తెలిసినోడు ఎవుడో చేసినాడు. వదులు స్క్రూ కనపడితే చెయ్యి ఊరుకోదు, బిగించేస్తారు. ఉండు, ఊడదీస్తా. అబ్బా, ఎంత గట్టిగుండాది! ఆ... వచ్చె.”

“వచ్చెనా? ఏమాయ సాబ్?”

“ఏం లేదు.”

“స్క్రూను కండ్ల కాడ పెట్టుకోని ఏం చూస్తాండావు?”

“ఏం లేదంటి గదా. ఎండకు కండ్లు మసకలు.”

“దానికేదో చుట్టుండాదే, ఎర్రగా?”

“తుప్పు.”

“తుప్పు అంత మెరుస్తాదా? పట్టుపోగు మాదిరి ఉండాది. స్క్రూకు పట్టుపోగు చుట్టి బిగించేది నీ షాపులోనే గదా సాబ్? ధర్మవరం నుంచి మీ ఇంటామె రాబియమ్మ పుట్టింటోళ్లు మగ్గం కాడ మిగిలిన పోగులు పంపిస్తారంట గదా?”

“నీకెవురు చెప్పినారు?”

“ఎవురు చెప్పల్ల? ఫకీర్ సాబ్ పోగు చుట్టి బిగిస్తే పదేండ్లయినా వదులు కాదని ఊరంతా అంటాది.”

“అదురుకు బిగుసుకోనుంటాదిలే. రోడ్డు బాగలేదు.”

“అదురుకు వదులైతాయి గానీ బిగుసుకుంటాయా? పోగు గూడా అదురుకే చుట్టుకున్యాదా?”

“చౌడమ్మా! నీకు గేరు పడల్ల, అంతే గదా? పడేటట్ల చేస్తా. వేరే మాటలు వద్దు.”

“నేనేం అంటి?”

“ఏమీ అనొద్దు. తిప్పు. లోపలి స్క్రూ వదిలించినా. ఇప్పుడు ఒత్తు.”

“పడె! పడె సాబ్! చూడు, చిన్న చక్రం మీద ఎంత బుద్ధిగా కూర్చున్యాదో!”

“రెండోది గూడా వదిలిస్తా, పెద్ద చక్రం మీదికీ పోతాది. ఇదో, ఈ చిన్న స్క్రూడ్రైవరు నీ దగ్గరే పెట్టుకో. రేకుకు చైను తగిలి గరగర అంటే పావు చుట్టు తిప్పుకో. ఇంగ సైకిలును ఎవురి చేతికీ ఇయ్యద్దు.”

“స్క్రూడ్రైవరు నా ఇంట్లోనూ ఉండాది సాబ్. మారెప్పే ఇచ్చినాడు. తిప్పేది గూడా చూపించినాడు.”

“మరి నువ్వే తిప్పుకోవచ్చు గదా? ఈ ఎండలో ఇంత దూరం దోసుకోని ఎందుకు వస్తివి?”

“వస్తిలే. కూలి ఎంత?”

“వద్దు.”

“ఎందుకు వద్దు?”

“వద్దంటే వద్దు! నా షాపులో పని నేర్చుకున్యోళ్లు పదిమంది ఉంటారు చౌడమ్మా. ఈ పోగు చుట్టేది మాత్రం ఒక్కనికే నేర్పిస్తి.”

“నీ నోటితో చెప్పొద్దులే సాబ్.”

“చెప్పనియ్యి. చేసేది దొంగపని. దాంట్లో గూడా నేను నేర్పించిన పద్ధతి తప్పలే నా కొడుకు! చెయ్యి నాదే, బుద్ధి యాడినుంచి వచ్చినాదో. సాయంత్రం బస్సు దిగనియ్యి వాన్ని. రేపు పొద్దున మిట్ట కింద నీ గంప వానితోనే ఎత్తిస్తా, నీ కాళ్లకు మొక్కిస్తా.”

“కాళ్లకేం వద్దు. కాళ్లకు పనుండాది నాకు.”

“నాకు సిగ్గైతాంది తల్లీ. ఎవురో ముక్కూమొగం తెలీనోడు చేసినాడని నువ్వు అనుకోనుంటే బాగుండు. ఈ పోగు నీ కంట పడకపోయింటే బాగుండు.”

“పోగు చూసి తెలుసుకున్యా అనుకుంటివా సాబ్? మొన్న వాడు సైకిలు కాడ వంగి స్క్రూ బిగిస్తాంటే పూలమండీ వాకిట్లో నిలబడి చూస్తానే ఉన్న్యా. వాడు బిగించింది వాని నాయన చేతనే ఊడదీయించల్లనే, ఇంగా మూడు షాపులు దాటి, ఇంత దూరం దోసుకోని నీ కాడికి తెచ్చినా.”